మస్తాన్ చేతిలో మాయమైన పెట్టెలు

మాచర్ల మస్తాన్‌ది నిదానపు చెయ్యి అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ అపవాదు తెచ్చిపెట్టింది నేనే. ఒక టెర్మినల్ మొత్తాన్ని నా నోటితోనే ఎలా కుంటిదాన్ని చేశానో చెబుతాను. నన్ను చూసి ఎంతైనా నవ్వుకోండి, అతన్ని మాత్రం వదిలేయండి.

నరసరావుపేట పక్కన, మిర్చి ఎగుమతికి వెళ్ళే కంటైనర్ల టెర్మినల్లో అతను క్రేన్ డ్రైవరు, నేను గుమాస్తాను. క్రేను గంటకు ఎన్ని పెట్టెలెత్తుతోంది, పెట్టెకు ఎంత డీజిల్ తాగుతోంది అని కొలవడానికి ఢిల్లీలో పెరిగిన ఒక తెలుగమ్మాయి ఆఫీసరుగా వచ్చింది. పెట్టె లేచినప్పుడల్లా నేను యార్డులోంచి వాకీటాకీలో అంకె చెప్పాలి. అది విని ఆమె తన క్యాబిన్లో మీట నొక్కితే, ఒక పెట్టె లెక్కలో పడుతుంది. అంతే పని.

వారం తిరిగేసరికి పెట్టెలు తక్కువ, డీజిల్ ఎక్కువ అని తేలింది. మస్తాన్‌ను క్రేను దింపేస్తామన్నారు. మెకానిక్కులు క్రేనును విప్పి చూసి, ఏ రోగమూ లేదని మళ్ళీ బిగించారు. నాకు బుర్ర తిరిగిపోయింది. గంటలో ఇరవై ఎత్తడం కళ్ళారా చూశాను, కాగితంలో పదహారే ఉన్నాయి. తప్పిపోయిన గేదెల్ని వెతికినట్టు ఆ నాలుగింటి కోసం యార్డంతా తిరిగాను. ఇల్లంత పెట్టె ఎక్కడ దాక్కుంటుందని ఒక్కసారీ తట్టలేదు. పైగా, కాస్త చురుగ్గా చెయ్యమని మస్తాన్‌కే నీతులు చెప్పాను.

చివరికి ఆమె యార్డులోకి వచ్చి, నిలిపి ఉన్న పెట్టెల్ని మస్తాన్ ఎదుటే లెక్కపెట్టమంది. గొంతు సవరించుకున్నాను.

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, మరొకటి, ఎనిమిది..." పదయ్యాక మళ్ళీ లాభం.

"ఆగండి. ఒకటేదీ?" అంది ఆమె.

"లాభమే ఒకటమ్మా. ధాన్యం కొలిచేటప్పుడు మా నాయన అట్టాగే మొదలెట్టేవాడు."

"నేనది దణ్ణం లాంటిదేమో అనుకున్నాను. మరి ఆ మరొకటి?"

"ఏడమ్మా. సరుకు ముందు ఏడు అంటే ఏడుపు గదా."

"ఇంకో పెట్టె వస్తోందని చెబుతున్నారేమో అని, మీట మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నానండీ."

అలా పదికి రెండు చొప్పున నేనే మింగేశాను. కాగితాలు దిద్దారు, మస్తాన్ క్రేను మీదే ఉండిపోయాడు. ఎక్కబోతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా నువ్వు. ఆ ఏడుపేదో నువ్విక్కడ ఏడ్చుంటే, వారం నుంచి ఇంటికాడ నా పెళ్ళాం ఏడవకుండా ఉండేది గదా."

అందుకని, కోటప్పకొండ త్రికోటేశ్వరుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కంటైనరైనా కాకరకాయైనా ఇకమీదట ఒకటి దగ్గరే మొదలుపెడతాను. ఏడు రాగానే, ఎవరేమనుకున్నా, నిండు గొంతుతో ఏడుస్తాను.