షాలిని పందులు ఒళ్లు చేసిన ఏడు

గరివిడి దగ్గరి ఒక ఊళ్లో షాలిని పది పందుల్ని పెంచుతోంది. ఈ సంగతి ఇప్పుడు నవ్వుతూ చెబుతోంది గానీ అప్పుడు ఆ ఇంట్లో నవ్వు లేదు. కిందటి దఫా పందులు ఏడు నెలలు తిని కూడా యాభై ఐదు కిలోలు దాటలేదు. భర్త బెన్హర్ తేల్చేశాడు.

"ఈ దఫా కూడా ఇంతేనయితే పాక పీకీసి అయిదరాబాదు ఎలిపోదుం. నాను తాపీ పని సేస్తాను, నువ్వు ఇటికలు మొయ్యి."

షాలినికి ఊరు వదలాలని లేదు. మొక్కజొన్న, తవుడు, వేరుశనగ చెక్క కొలిచి మరీ పోసేది. నట్టల మందు వేయించింది, తొట్టి మార్పించింది. పందులు తొట్టి నాకేసేవి. ఒళ్లు మాత్రం చేసేవి కావు.

ఒళ్లు చేసింది కోళ్లు! వాటికి ఆమె వేరే గింజ వేసేదే కాదు. ఒక ఉదయం పాక కడుగుతూ గమనించింది. కోళ్లు పెంట కెలికి మొక్కజొన్న పలుకులు ఏరుకుంటున్నాయి. పందులు మింగినవి మింగినట్టే బయటికి వస్తున్నాయి.

"ఓలమ్మ! ఇన్నాళ్లూ నాను మేపతన్నది కోళ్లనేటి!"

గింజ మెత్తగా ఆడించాలి. కానీ ఊళ్లో ఉన్న ఒకే పిండిమర లక్ష్మణమ్మది. పందుల దానా అనగానే ఏడాది కిందటే ఆవిడ పొమ్మంది. అప్పటినుంచి షాలిని రోకలితో కచ్చాపచ్చాగా దంచి పోస్తోంది. ఇప్పుడు కొత్త సంచీతో మళ్లీ వెళ్లింది.

"మళ్లీ వొచ్చీసినావేటే? నీ దానా నా మరలో పోస్తే రేపు పిండికి ఎవులొస్తారు?"

"అత్తా, తవుడూ సెక్కా ఇంటికాడ కలుపుకుంతాను. ఇవి ఒట్టి మొక్కజొన్నలు. నోట్లో ఏసుకుని సూడు."

లక్ష్మణమ్మ నిజంగానే రెండు గింజలు కొరికింది.

"ఈ మాట అప్పుడే సెప్పకుండా ఏడాదంతా దంచుకు సచ్చినావేటే, పిచ్చిదానా!" అంటూ సంచీ లాక్కుని మరలో పోసింది.

వారం తిరక్కుండా పెంటలో పలుకులు మాయమయ్యాయి. అయినా ఏడో నెలలో కాటా తెచ్చిన రోజు షాలిని అంకె చూడలేక గోడవైపు తిరిగి నిలబడిపోయింది.

"ఎనభై రెండు," అన్నాడు బెన్హర్. నమ్మలేక పందిని దింపి తానే కాటా ఎక్కి చూసుకున్నాడు. కాటా సరిగ్గానే ఉంది. రెండో పంది ఎనభై. పోసిన మేత కిందటి దఫా పోసినంతే.

షాలిని తడి గచ్చు మీదే కూలబడింది.

"సీర పాడైపోద్ది, లెగు," అంటూనే బెన్హర్ కూడా పక్కన చతికిలబడ్డాడు.  తర్వాత అతనే అడిగాడు.

"మరి పందిపిల్లల్ని మళ్లీ ఎప్పుడు తెద్దుం?"