రెండో ప్రశ్న

మా వారు మద్రాసు కౌన్సిలుకి మెంబరయ్యారని తెలిసిన రోజున మా ఇంటి ముందు సన్నాయి మేళం పెట్టించారు. గోదావరి మీద రైలు వంతెన వేసిన కొత్త రోజులవి. రాజమండ్రిలో ప్లీడరీ చేసుకునే మనిషి, చట్టాలు చేసే సభలో గవర్నరు దొరగారికి ఎదురుగా కూర్చుంటారట. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నాలుగు వీధులు తిరిగి చెప్పుకున్నాను. మిడిసిపాటు అంటే అదే. ఆ మిడిసిపాటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

తొలి పంట, సార్వా చేలు పొట్ట మీదున్న రోజుల్లో, కాలవ మీద పడవెక్కి ఒక పెద్ద రైతు మా ఇంటికొచ్చాడు. వాళ్ళది సముద్రానికి దగ్గరగా, కాలవ చిట్టచివరన ఉన్న ఊరు. పైఊళ్ళన్నీ వాడుకోగా మిగిలిన నీళ్ళే వాళ్ళవి. ఆ మిగిలినవైనా పొలాల్లోకి పారే తూము మరీ ఇరుకు.

“సార్వా ఎలాగో గట్టెక్కుతుందండి. రెండో పంటకే, దాళ్వాకే, నీళ్ళందవు. ఆ తూము కాస్త వెడల్పు చేయించండి బాబుగారూ. సభలో మీరో మాటంటే చాలండి, ఆయ్” అన్నాడు.

“తప్పకుండా అడుగుతాను” అన్నారు మా వారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. అందులో ఆయన్ని తప్పు పట్టను.

అడగడం అంటే లేచి అడిగెయ్యడం కాదని అప్పుడే నాకు తెలిసింది. ప్రశ్న ముందుగా రాసి పంపాలి. దొరతనం వారు చూసి, సరేనంటేనే సభలో చదవాలి. అందులో వాదన ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు. ఆ నాలుగు వాక్యాల కోసం మా వారు వసారాలో కూర్చుని కాగితాల మీద కాగితాలు చింపారు. చూస్తూ నోరు మూసుకునే మనిషిని కాను నేను.

“తూము ఇరుగ్గా ఉందని రాసేస్తే సరిపోదుటండీ?”

“అలా రాయకూడదే. ఇరుగ్గా ఉన్న సంగతి ప్రభుత్వం వారికి తెలుసునా అని అడగాలి.”

“తెలియదంటేనో?”

“విని కూర్చోవాలి.”

“కూర్చోవడమేంటి, అదేం జవాబని మళ్ళీ అడగరూ?”

“జవాబు మీద రెండో ప్రశ్న వెయ్యడానికి మనకి హక్కు లేదు” అన్నారు.

ఇంగ్లీషు దొరల సీమలో పార్లమెంటు ఉందనీ, అక్కడ మెంబర్లు మంత్రిని నిలబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేస్తారనీ, వాళ్ళు ఓటేసి ఒప్పుకుంటే తప్ప ఖజానాలో పైసా కదలదనీ ఆయనే చెప్పారు. ఇక్కడ మాత్రం బడ్జెట్టు మీద ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. “అయితే పెళ్ళికి పిలిచి, వడ్డన చూసి వెళ్ళమన్నట్టుంది” అన్నాను. ఆయన నవ్వలేదు.

మద్రాసు వెళ్ళారు, అడిగారు. ‘ఆ విషయం విచారణలో ఉన్నది’ అని జవాబొచ్చింది. కూర్చున్నారు. ప్రశ్నా జవాబూ రెండూ పత్రికలో పడ్డాయి.

ఆ సముద్రపు వైపు ఊళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. నలుగురి ముందూ ఒక కోరిక అడిగాక, పెద్దమనిషి కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇక దాని మీద మళ్ళీ అడిగితే ఆయన మాటని శంకించినట్టు. పిల్ల సంబంధమైనా, చేను గట్టు తగాదా అయినా వాళ్ళకి అలాగే తెగుతుంది. ఇప్పుడు నిండు సభలో తూము మాట పడింది, గవర్నరంతటివాడు కాదనలేదు. వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

సార్వా కోతలవుతుండగా రెండు పడవల మీద ఊరంతా దిగింది. డప్పులు, బంతిపూల దండ, బుట్టల్లో ఆత్రేయపురం పూతరేకులు. పెద్ద రైతు ముఖం వెలిగిపోతోంది.

“దాళ్వాకి నారుమళ్ళు పోసేశామండి. మీ చలవే బాబుగారూ” అన్నాడు.

మా వారి ముఖం పాలిపోయింది. నేను లోపలి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు చెబుతారు, ఇదిగో ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఆయన మెడ వంచి దండ వేయించుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక అడిగేశాను. “ఎందుకు చెప్పలేదండీ? విత్తనం మట్టిలో పడిపోయింది.”

“అంత సంబరంగా వస్తే ఎలా చెప్పనే? విచారణలో ఉందన్నారుగా, చేస్తారేమో.”

“చెయ్యకపోతే?”

ఉత్తరీయం తీసుకుని కోర్టుకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎప్పుడు కదిపినా కబురు పంపిస్తానన్నారు గాని పంపలేదు. పూతరేకులు పిల్లలు తిన్నారు. నేను ముట్టలేదు.

కాలవలు కట్టేసి పడవలు ఆగిపోయిన ఎండల్లో పెద్ద రైతు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే, కాలవ గట్టున నడిచి. కాళ్ళు బీటలు వారి ఉన్నాయి. మజ్జిగ ఇచ్చాను. తాగి, చెంబు పక్కన పెట్టి, మా వారికేసి చూడకుండా మాట్లాడాడు.

“మళ్ళీ అడగడం మర్యాద కాదండి, తెలుసండి. కానీ పైరంతా ఎండిపోయిందండి, గింజ చేతికి రాలేదు. తూము సంగతి దొరగారు మర్చిపోయారేమో, ఓసారి గుర్తు చెయ్యండి.”

అప్పటికి నోరు విప్పారు మా వారు. “ఆయన ఒప్పుకోనేలేదు. విచారిస్తామన్నారు, అంతే. నాకున్నది అడిగే అధికారం ఒక్కటే. చేయించే అధికారం లేదు.”

పెద్ద రైతు తలెత్తి చూశాడు. “మెంబర్లందరికీ అంతేనాండి?”

“అందరికీ అంతే.”

“అడగడమైతే మాకూ ఉందండి. తూము దగ్గర నీళ్ళొదిలే లస్కరుని రోజూ అడుగుతామండి. ఇవాళ కాదంటే రేపు మళ్ళీ అడుగుతాం.”

వెటకారం కాదు. మా వారిని ఓదార్చడానికే అన్నాడు. ఆయన కూడా తమలాంటివాడేనని జాలిపడ్డాడు. నాకు భూమి చీలితే బావుండుననిపించింది. ఈ మనిషి గురించేనా నేను నాలుగు వీధులూ తిరిగి చెప్పుకున్నాను అనుకున్నాను.

పెద్ద రైతు లేచి కండువా భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“దండేసిన రోజునే ఈ ముక్క చెప్పుంటే, దాళ్వా మానేసి నీళ్ళడగని మినుములు చల్లుకునేవాళ్ళం కదా బాబుగారూ. ఎందుకు చెప్పలేదండి?”

ఆ ప్రశ్నకి మద్రాసు అనుమతి అక్కర్లేదు. జవాబు చెప్పడానికి గవర్నరూ అక్కర్లేదు. మా వారు తల దించుకుని చాప అంచు చూస్తూ కూర్చున్నారు.

పెద్ద రైతు గుమ్మం పట్టుకుని కాసేపు ఎదురుచూశాడు. రెండోసారి అడగలేదు.