కోడికి బదులు చెవులపిల్లి

ఇది ఒక మహా పోరాట గాథ. ఒకవైపు నిజాం సర్కారు, మరొకవైపు మా బాపు, నడుమ రెండు సైన్యాలు, ఒకటి రెక్కలది, ఒకటి చెవులది. ఇట్లా మొదలుపెడితే నా ఈడువాళ్లు కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుంటారని చిన్న ఆశ. నిజానికి సర్కారుకు మా బాపు ఉన్నట్టే తెలియదు. సైన్యాలు రెండూ ఒకే దొడ్డిలో పడుకునేవి. కోళ్లూ కుందేళ్లూ పెంచిన కథ ఇది, అంతే.

మొన్న కొత్తకోట దాటాక బస్సు పంచరై అందరం రోడ్డు పక్కన నిలబడితే, ఎదురుగా రేకుల షెడ్డు మీద ‘నాటుకోళ్లు, కుందేళ్లు అమ్మబడును’ అనే బోర్డు కనిపించింది. లోపల ఒక కుర్రవాడు పైన కోళ్లను, కింద కుందేళ్లను ఒకే జాలీగూట్లో పెట్టి, ఇది కొత్త పద్ధతి తాతా అని గర్వంగా చూపించాడు. ఆ కొత్త పద్ధతిని మా బాపు ఎన్నడో కనిపెట్టి, ఎన్నడో నష్టపోయాడని వాడికి ఎట్లా చెప్పేది?

మాది మక్తల్ వైపు ఊరు. మాకున్నది రాళ్లేరి సాగులోకి తెచ్చుకున్న చిన్న చెల్క. పంట కంటే రాళ్లే బాగా పండేవి. అమ్మ మిషను బంగళాలో ఊడ్చేది. అక్కడి దొరసాని తన దేశం వెళ్లిపోతూ, అమ్మ చాకిరికి మెచ్చి ఒక తెల్ల కుందేళ్ల జంటను ఇచ్చిపోయింది. కుందేలును మేము చెవులపిల్లి అంటాము. రెండు దొడ్లకు రాళ్లు మోసే ఓపిక లేక బాపు కోళ్లదొడ్డిలోనే పైన కర్రలు కట్టి కోళ్లను ఎక్కించి, కింద వీటిని వదిలాడు. చలికాలంలో నల్లపెట్ట ఒకటి కిందికి దిగి, చెవులపిల్లి పిల్లలను తన రెక్కల కిందికి లాక్కుని పొదువుకోవడం నేను కళ్లారా చూశాను. మా అవ్వకు మాత్రం ఇవేవీ ముచ్చటగా తోచలేదు. “గీ ఇంట్ల పిల్లులు గడ్డి తింటయి, మనుషులు గంజి తాగుతరు” అనేది.

కోళ్లను పెంచడం మా వంతు, తినడం సర్కారు వంతు. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు వచ్చి చావడిలో దిగినప్పుడల్లా పటేలు వంతులవారీగా ఇళ్ల నుంచి కోళ్లు తెప్పించేవాడు. బదులుగా ఏదైనా ఇస్తారేమోనని అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఆ కోళ్లను పట్టుకుపోయే మస్కూరి, అంటే పటేలు చెప్పిన పని చేసే ఊరి నౌకరు, మాకు వరుసకు మేనమామే.

ఆ ఏడు అక్క తొలికాన్పుకు వచ్చింది. బాలింతకు కోడి పులుసు పెట్టని పుట్టిల్లు పుట్టిల్లే కాదని మా వైపు మాట. అమ్మ నల్లపెట్టను అక్క కోసమని అట్టిపెట్టింది. అంతలో గిర్దావరు దిగాడు, వంతు మాది అయింది. బాపు దొడ్డిలోకి పోయి ఒక చెవులపిల్లిని చెవులు పట్టి తెచ్చాడు.

“ఏంది బావా, కోడి అడిగితే పిల్లినిస్తున్నవ్?” అన్నాడు మామ.

“దొరలు తినే కూర ఇది. కోడికి బదులు తీస్కపో. సాబు మెచ్చకుంటే నన్నడుగు.”

సాబు మెచ్చాడు. అదే కొంప ముంచింది.

ఆ సాయంత్రం బాపు లేని మీసం మెలేశాడు. పంటలో కాకున్నా ఉపాయంలో మేమే మొదటివాళ్లమని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఆ తరువాత ముసురు పట్టింది. దొడ్డి నేల ఆరకపోయె, పైనుంచి కోళ్ల రెట్ట పడుతూ ఉండె. చెవులపిల్లులకు కాళ్లు పుండ్లు పడి, ముక్కులు కారి, ఒకదాని వెనుక ఒకటి పోయాయి. కోళ్లలో సగం కొక్కెర తెగులుకు పోగా నల్లపెట్ట, ఒక ఎర్రపెట్ట మిగిలాయి.

అక్క ఆడపిల్లను కన్నది. పురిటి మంచం ఇంకా దిగకముందే గిర్దావరు మళ్లీ దిగాడు.

“కోడి ఒకటి, చెవులపిల్లి ఒకటి” అన్నాడు మామ, నేల చూస్తూ.

“రెండేందే? అది కోడికి బదులిచ్చిన గద! అయినా అవన్నీ వానకు సచ్చినయి.”

“నాకెరుకనే బావా. పటేలు దాన్ని మీ ఇంటి మామూల్ల కలిపిండు. లేకుంటే దానికి బదులు ఇంకో కోడి తెమ్మన్నడు.”

అమ్మ గడపకు అడ్డం నిలబడింది. “నల్లదాన్ని ఇడిశిపెట్టు అన్నా, పిల్ల బాలింత.”

“నా ఇంట్ల ఉంటే నేనే ఇద్దును చెల్లె. మాది నిన్ననే పట్టుకపోయిండ్రు.”

రెండు పెట్టలూ అతని చేతిలో తలకిందులుగా వేలాడుతూ పోయాయి. నాకు నోరు ఊరుకోదు కదా, “బాపూ, ఇగ బర్రెను పెంచకు, దాన్ని గూడ మామూల్ల కలుపుతరు” అన్నాను. బాపు నన్ను కొట్టనైనా కొట్టలేదు. లోపల అక్క ఒక్కతే నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పసిదాని ఏడుపు మొదలైంది.

అక్క పురుడు జొన్న గటకతో, మిరియాల చారుతో గడిచింది. పాలు పడలేదు. పిల్ల మేకపాలతో బతికింది, నేటికీ ఆ మొండితనం పోలేదు. అత్తగారింట్లో, పుట్టింట్ల ఏం పెట్టిండ్రని అడిగితే అక్క “కోడి” అన్నదట, ఇంకా అడిగితే “నల్లపెట్ట” అని కూడా చెప్పిందట. పులుసు రుచి కూడా వర్ణించిందని విన్నప్పుడు, అమ్మ పొయ్యి ముందు నుంచి చాలాసేపు లేవలేదు.

ఇప్పుడు బోర్డు మీద ‘అమ్మబడును’ అని రాసుకోవచ్చు. కోడి కావాలన్నవాడు ధర అడుగుతాడు, కుర్రవాడు ఎక్కువే చెబుతాడు, ఇష్టం లేకపోతే లేదంటాడు. ఆ ‘లేదు’ అనే మాట మా బాపుకు అమరనే లేదు. ఈ ముక్క కుర్రవాడికి చెబుదామనుకున్నాను కానీ, అప్పటికే బస్సువాడు హారన్ కొడుతున్నాడు. ఉన్న కాస్త సమయంలో పనికొచ్చేది ఒక్కటే చెప్పి వచ్చాను: కోళ్ల కింద కుందేళ్లను పెట్టకూడదు, రెట్టకు నేల చెమ్మగిల్లి కాళ్లు పుండ్లు పడతాయి, గూళ్లు వేరువేరుగా కట్టుకోవాలి.