కోడలి ముక్కుకు సబ్బు వాసన

మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో సరిగ్గా తినేది కాదు. కడప వైపు పిల్ల, మా నందికొట్కూరు వంట ఇంకా అలవాటు కాలేదేమో అనుకున్నాను. ఒకరోజు పొద్దున బొరుగులు నానబెట్టి తాలింపేసి ఉగ్గాని పెడితే రెండు ముద్దలు తిని పళ్లెం జరిపింది. ఏమైందని గట్టిగా అడిగాను.

"ఏమనుకోవద్దత్తా... సబ్బు వాసన వస్తాండాది."

నా గిన్నెల్లో సబ్బా! పెరట్లో బేతంచెర్ల బండ మీద కూర్చుని అన్నీ మళ్లీ కడిగాను. మరునాడు సబ్బు మానేసి బూడిదతో తోమాను. అయినా పప్పు కలపగానే పిల్ల ముఖం తిప్పుకుంది. పెళ్లినాటి జాకెట్లు అప్పుడే వదులయ్యాయి. వాళ్లమ్మకు నేనేం జవాబు చెప్పాలి?

శుక్రవారం నైవేద్యానికి, స్వామికని విడిగా ఉంచిన గిన్నెలో పులిహోర చేశాను. ప్రసాదం పెడితే మారు అడిగి తింది. అదీ సంగతి, స్వామి గిన్నె ఒక్కటే శుభ్రంగా ఉందన్నమాట! మన్నించమని దండం పెట్టుకుని, శనివారం పప్పు కూడా ఆ గిన్నెలోనే వండాను, పైన కొత్తిమీర ధారాళంగా చల్లి.

"దీంట్లో కూడా అదే వాసనత్తా" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇక లాభం లేదని వియ్యపురాలికి ఫోన్ చేశాను. ఆమె పకపకా నవ్వింది.

"కొత్తిమీర ఏస్తాండావా వదినా? వాళ్ల నాయనకు అది సబ్బు మాదిరి ఉంటాదంట. మా ఇంట్లోకే రానీడు. ఈ పిల్ల యాడన్నా పెండ్లిలో తిన్నా, పళ్లెం సరిగ్గా కడగలేదనుకుంటాది!"

కర్నూలులో డిగ్రీ చదివే మా అమ్మాయి సెలవుకు వచ్చి విడమర్చి చెప్పింది.

"ముక్కులో వాసన పట్టే ప్రోటీన్లు శానా రకాలుంటాయిమా. ఒక్కో రకాన్ని చేసేదానికి ఒక్కో జన్యువు. కొత్తిమీరలో ఉండే వాసనకు, సబ్బులో ఉండేదానికి దగ్గర చుట్టరికం. దాన్ని పట్టే జన్యువు కొంతమందికి రవ్వంత వేరే మాదిరి ఉంటాదంట. వదినకు వాళ్ల నాయన నుంచి వచ్చినట్టుండాది."

"మరి నా ముక్కు?"

"నీకు సబ్బు ఇచ్చినా పప్పులో తుంచి ఏస్తావేమో!"

కోడలు మా ఇంట్లో మొదటిసారి గట్టిగా నవ్వింది.

మా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలే తప్ప నేను బడి ఎరగను. జన్యువంటే ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ ఇంత చిన్న ముక్కులో అన్ని పనిముట్లు అమర్చిన స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను. పిల్లకు నా మీద కోపం లేదు, నా చేతిలో దోషం లేదు. అంతకంటే ఏం కావాలి?

ఆ మధ్యాహ్నం పప్పు దించి, కొత్తిమీర చల్లకముందే కోడలి వాటా వేరుగా తీశాను. అన్నంలో కలుపుకుని ముందు అనుమానంగా వాసన చూసింది. తర్వాత తల ఎత్తకుండా తింది. నేను నెయ్యి గిన్నె ఆమె వైపు జరిపాను.