ఇన్నయ్య నోట లూకా సువార్త

రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు కోసే ఇన్నయ్యకు అక్షరం ముక్క రాదు. లూకా సువార్త మాత్రం ఇరవై నాలుగు అధ్యాయాలూ నోటికి వచ్చు.

ముప్పై ఏళ్ళ కిందట రసాల చెట్టు మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు మంచం దిగలేదు. ఏడో తరగతి దాకా చదివిన భార్య లలిత కూలికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బైబిల్లోని లూకా సువార్త చదివి వినిపించేది. వింటూ వింటూ అతను కూడా వెంట పలకడం మొదలుపెట్టాడు. ఒక్క మాట అటూ ఇటూ అయినా లలిత ఊరుకునేది కాదు.

"మీ సొంత కవిత్వం వద్దు. మళ్ళీ మొదట్నించి చెప్పండి," అనేది.

కాలు అతుక్కునేసరికి సగం పుస్తకం వచ్చేసింది. మిగతా సగం మరుసటి ఏడాది పట్టుబట్టి నేర్చుకున్నాడు.

ఈ వేసవి సెలవుల్లో తోట యజమాని కొడుకు రవికిరణ్ కోతలు చూసుకోవడానికి వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అన్నాల వేళ పక్కన కూర్చుని అడిగాడు.

"ఇన్నయ్యా, ఏమీ అనుకోకు. యేసు సంగతులు రాసింది ఆయన పోయిన చాలా ఏళ్ళకంట కదా. అప్పటిదాకా నోటి మాటేనంట. నోటి మాట మారకుండా ఉంటుందా?"

ఎగతాళిగా అడగలేదు. ఇన్నయ్యకు అది తెలుస్తూనే ఉంది. చెయ్యి కడుక్కుని, "నా నోటిదే చూడండి బాబూ. ఎక్కడైనా అడగండి," అన్నాడు.

రవికిరణ్ ఫోన్లో బైబిలు తెరిచి పదిహేనో అధ్యాయం అడిగాడు. ఇల్లొదిలిపోయిన కొడుకు కథ. ఇన్నయ్య చెబుతుంటే కాయలు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు కూడా చేతులాపి విన్నారు.

"ఆగాగు! పందులు తినేది పొట్టు అన్నావు. ఇక్కడ కాయలు అనుంది. చూశావా, మారింది," అన్నాడు రవికిరణ్.

ఇన్నయ్య మొహం ఎర్రబడింది. ఆ ఆడవాళ్ళలో ఉన్న కూతురు మెర్సీని పిలిచాడు. "స్కూటీ మీద వెళ్ళి మీ అమ్మ పుస్తకం పట్రామ్మా."

అట్ట ఊడిన ఆ పాత బైబిల్లో పొట్టు అనే ఉంది. ఫోన్లోది వేరే అనువాదం. రవికిరణ్ పుస్తకం మీద వేలు పెట్టి, అధ్యాయమంతా మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒక్క మాట పొల్లుపోలేదు.

"ఒప్పుకున్నానండీ," అన్నాడు చివరికి. ఆ 'అండీ' అతని నోట రావడం అదే మొదలు. "కానీ అది నిజంగా జరిగిందనడానికి ఇది రుజువు కాదు కదా?"

"కాదు బాబూ. అప్పుడు నేను అక్కడ లేను. ముందువాళ్ళు ఎంత జాగ్రత్తగా చెప్పుకున్నారో కూడా నాకు తెలీదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు తేల్చాలి. నా దాకా వచ్చింది మాత్రం నేను పాడుచెయ్యలేదు. అది ఎవరి ముందైనా చెబుతా."

ఈ సంగతి పాస్టరు సలోమోను చెవిన పడింది. చదువు రాదని ఇన్నేళ్ళూ ఇన్నయ్యకు గుడిలో వాక్యం చదివే వంతు ఇవ్వలేదు. ఆ ఆదివారం పిలిచి ముందు నిలబెట్టాడు. వట్టి చేతులతో నిలబడి, గొంతెత్తి, ఇన్నయ్య మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాడు.