షెల్టర్‌కు ఎస్తేరు మేడం చెప్పిన అర్థం

మొన్నటి వానకు రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల కింద నిలబడ్డాను. పక్కనున్న పెద్దావిడ చేతిరుమాలు ముక్కుకు పట్టుకుంది. నీలగిరి తైలం వాసన. ఎస్తేరు మేడం గుర్తొచ్చారు. ఆఫీసు ఏసీ ఆవిడకు పడేది కాదు. ఏడాది పొడుగునా జలుబు, చేతిలో ఆ రుమాలు.

పిల్లలకు ఇంగ్లిషు నేర్పే యాప్ తయారుచేసే చిన్న కంపెనీలో ఆవిడ మా టీమ్ లీడ్. బాపట్ల వైపు మనిషి, చాలాకాలం మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేశారు. నేను శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. ఆవిడ ఒక్కో ఇంగ్లిషు మాటకు అర్థం, పుట్టుక రాస్తే నేను తెలుగులో పెట్టేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక ఉదయం, నా భర్త కొట్టిన దెబ్బలతో, ప్రగతి నగర్‌లోని ఇంటి నుంచి ఆఫీసు బ్యాగుతో వచ్చేసి, ఇక వెనక్కి వెళ్ళలేదు. మేడంకు చెప్పాను. ఎందుకని అడగలేదు. "ఖాజాగూడలో నేనొక్కదాన్నే ఉంటానమ్మా. వస్తావా?" అన్నారు.

ఆ వారంలోనే ఒక పొద్దున మా అన్న ఆఫీసుకు వచ్చి, కింద రిసెప్షన్ దగ్గరికి నన్ను పిలిపించాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. ఎదురుచెప్పి ఎరుగను.

"ఇగ నడువ్. గిట్ల బయట ఉంటే నలుగురేమనుకుంటరు? బావ మంచిగ చూసుకుంటనన్నడు."

మేడం కిందికొచ్చి సోఫాలో నా పక్కన కూర్చున్నారు.

"ఇది మా ఇంటి ముచ్చట మేడం. జర మీరు లోపలికి పోండి."

"తను వెళ్ళమంటే వెళ్తానండి."

అన్న నావైపు చూశాడు. "మేడం ఈడనే ఉంటరన్నా" అన్నాను. చున్నీ పక్కకు తీసి భుజం మీద కమిలిన చోటు చూపించాను.

చాలాసేపు చూశాడు. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. సర్దుకపొమ్మన్నవ్."

ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మేడం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మిగిలిన పని చేసుకుంటున్నాం. వచ్చిన మాట షెల్టర్. 'తలదాచుకునే చోటు' అని రాశాను. "నా కథే మేడం. మీ ఇంట్ల దాక్కున్న గదా" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీశారు. "ఈ మాట ఎలా పుట్టిందో గట్టిగా ఎవరూ చెప్పలేరమ్మా. కొందరి ఊహ ఏమిటంటే, పాత ఇంగ్లిషులో డాలు అనే మాట, దండు అనే మాట కలిసి ఒక మాట ఉండేదిట. సైనికులు డాళ్ళు ఒకదానికొకటి ఆనించి నిలబడతారు చూడు, అదీ దాని అర్థం. దాన్నుంచే షెల్టర్ వచ్చి ఉంటుందంటారు." కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంటూ అన్నారు: "పొద్దున నేను పక్కన కూర్చున్నానంతే. మాట్లాడింది నువ్వు. నువ్వెక్కడ దాక్కున్నావే పిచ్చిదానా?"

ఇల్లు వదిలాక నేను మొదటిసారి కడుపునిండా తిన్నది ఆ పూటే.

ఆదివారం సర్టిఫికెట్లు, బట్టలు తెచ్చుకోవడానికి మేడం, నేను ప్రగతి నగర్ వెళ్ళాం. అన్నకు ఫోన్లో చెప్పాను కానీ వస్తాడనుకోలేదు. గేటు ముందు బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు. మళ్ళీ కాపురానికి పొమ్మంటాడేమో అనుకున్నాను.

"పా. నేను ముందట నడుస్త" అన్నాడు.

నా భర్త ఏదో అనబోతే అన్న అతనికేసి చూశాడంతే. సూట్‌కేసు తనే ఎత్తి ఆటోలో పెట్టాడు. "మీకు కష్టమైంది మేడం" అన్నాడు తల వంచుకుని. మేడం ఆయనకు మంచినీళ్ళ సీసా అందించారు.

విడాకులు వచ్చి, నేను వేరే ఇల్లు కిరాయికి తీసుకునేదాకా ఖాజాగూడలోనే ఉన్నాను. పోయినేడాది మేడం పోయారు. సమాధి దగ్గర అన్న నా వెంటే ఉన్నాడు, పిడికెడు మట్టి తనూ వేశాడు.

ఇప్పుడు నాకూ ఒక టీమ్ ఉంది. ఈ మధ్య అందులో ఒకమ్మాయి ప్యాంట్రీలో ఏడుస్తూ తన ఇంటి సంగతి చెప్పింది. నోటిదాకా వచ్చిన సలహాలన్నీ మింగేసి, "నన్నేం చెయ్యమంటవ్?" అని అడిగాను.

"మా అమ్మకు ఫోన్ చేస్త అక్కా. అయ్యేదాక ఈడ ఉంటవా?"

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆ అమ్మాయి నంబరు నొక్కింది.