చర్చి ప్లానులో నేను మార్చిన మాట

కరోనా ఆంక్షలు సడలిన మరుసటి ఏడు, సౌదీలోని దమ్మామ్ ఆఫీసులో నన్ను పాత కట్టడాల విభాగానికి సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా మార్చారు. మాది భవనాల డ్రాయింగులు గీసే కంపెనీ. ఇంగ్లండు శాఖలో పని ఎక్కువైతే మాకు పంపేవారు. అలా వచ్చిందే విక్టోరియా రాణి కాలంనాటి ఒక పేట చర్చి. దాన్ని కొన్న బిల్డరు ఫ్లాట్లుగా మార్చబోతున్నాడు.

ఇలాంటి పనిలో మొదట గీసేది ‘ఎగ్జిస్టింగ్ ప్లాన్’, అంటే కట్టడం ఇవాళ ఉన్నది ఉన్నట్టు. అక్కడివాళ్ళు లోపలంతా లేజర్ యంత్రంతో కొలిచి, ఫొటోలతో సహా పంపుతారు. వాటిని బట్టి మేము గోడలు గీసి, ఏ భాగం ఏ కాలానిదో రంగుల్లో చూపి, ప్రతి గదినీ ఇప్పుడు దేనికి వాడుతున్నారో రాస్తాం.

ఆ చర్చి చరిత్ర గోడల్లోనే తెలుస్తోంది. నూలుమిల్లు కార్మికుల కోసం కట్టారు. జనం పెరిగాక ఉత్తరం వైపు విస్తరించారు. జనం తగ్గాక ఆ వైపే చెక్కగోడ అడ్డం పెట్టి పసిపిల్లల బడి నడిపారు. కోట్లు తగిలించే కొక్కేలు పిల్లల ఎత్తులో ఇంకా అలాగే ఉన్నాయి. తర్వాత ఆ గదిలోనే పేదలకు సరుకులు పంచారు. చివరికి ఆరాధనలు ఆపి అమ్మేశారు. మాకు వచ్చిన కాగితాల్లో ప్రస్తుత వాడకం ‘ఖాళీ’ అని ఉంది.

ఫొటోలు చూస్తుంటే బలిపీఠం పక్కన గుడ్డ బ్యానరు కనిపించింది. పెద్దది చేసి చూశాను. తెలుగు! ‘తెలుగు సహవాసం, ఆదివారం మధ్యాహ్నం’. జగిత్యాలలో పుట్టినవాణ్ణి, దమ్మామ్‌లో కూర్చుని ఇంగ్లండు చర్చిలో నా భాష చదువుతున్నాను. ఒళ్ళు పులకరించింది.

మా విభాగాధిపతి సామి జోర్డాన్ ఇంజినీరు. బ్యానరు పాతదేమో అన్నాడు. దాని కింద తాజా పూలు చూపించాను. ఆయన బిల్డరును అడిగిస్తే, తాళాలు చూసే ముసలాయన ఆదివారాలు ఎవరికో తెరుస్తాడని జవాబొచ్చింది. ‘ఖాళీ’ తీసేసి ‘ఆదివారాలు ఆరాధన’ అని రాశాను.

దమ్మామ్ పక్కనే ఖతీఫ్‌లో నేనుండే ఇంటి కింది అంతస్తులో కరుణమ్మ, ఆమె భర్త ఉండేవారు. నరసాపురం వైపు మనుషులు. ఆమె ఆసుపత్రిలో నర్సు. కూతురు స్టెల్లా ఇంగ్లండులో నర్సు. ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదు. అయినా ఆ సాయంత్రం చెప్పాను.

ఊరి పేరు వినగానే ఆమె లేచి నిలబడింది. “మా స్టెల్లా వాళ్ళు కూడుకునేది అక్కడేనండీ! వచ్చే నెల దాని నిశ్చితార్థం ప్రార్థన కూడా అందులోనే.”

“ఖాళీ అని రాసిన్రక్కా. నేను తీసేసి మీవోళ్ళ ముచ్చట రాసిన. ఇగ ఊకెనే ఎళ్ళగొట్టరాదు,” అన్నాను. అలాంటి నియమం ఉందో లేదో నాకు తెలియదు. ఆమె ముఖంలో సంతోషం చూసి అనేశాను. మర్నాడు చేపల పులుసు పంపింది.

నిశ్చితార్థం నాడు డ్యూటీ దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. వీడియోలో చూడ్డానికి నన్నూ పిలిచారు. ఫోనులో కనిపించింది చర్చి తలుపు, దానికి కొత్త గొలుసు. వానలో గొడుగుల కింద జనం. పట్టుచీర మీద కోటు వేసుకుని స్టెల్లా.

“మమ్మీ, లోపలికి రానివ్వట్లేదు. కొత్త ప్లానులో ఇక్కడ జనం కూడతారని రాసుందంట. ఇన్సూరెన్సు వాళ్ళు అది చూశారు. పైన దూలం పుచ్చిపోయింది, కింద ఎవరూ ఉండకూడదని తాళం వేయించారు.”

ఆ దూలం చుట్టూ ఎర్రగీత గీసిందీ నేనే. అదే షీటులో, సరిగ్గా బ్యానరుకు పైన. ‘కింద నిలబడరాదు’ అని చర్చిని పరీక్షించిన అక్కడి ఇంజినీరు పంపిన మాటను టైపు చేసిందీ నేనే. కరుణమ్మకు నేను చేసిన మేలు చెప్పాను గానీ దూలం సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, అసలు తట్టనే లేదు.

కరుణమ్మ నావైపు తిరిగింది. “మీరు రాసిందేనాండీ?”

“అవునక్కా. దూలం గీసింది సుత నేనే.”

“నెల్లాళ్ళు మా పిల్లలు దాని కిందే కూర్చున్నారు కదండీ. ఆ రోజే ఒక్క మాట చెప్పకపోయారా?”

ఆమె మళ్ళీ ఫోను వైపు తిరిగి, ఎదురుగా ఉన్న బస్టాపులో ప్రార్థన చేసుకోమని కూతురికి చెప్పింది. ఉంగరాలు అక్కడే మార్చుకున్నారు. అయ్యాక నాకూ బిర్యానీ పెట్టింది. తలెత్తకుండా తిన్నాను. ఆ తర్వాత కూడా ఆమె పలకరింపు మానలేదు. నేనే మెట్ల మీద ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను.

ఆ తెలుగువాళ్ళకు తర్వాత ఒక స్కూలు హాలు దొరికింది. చర్చి ఫ్లాట్లయింది. నేను మార్చిన మాట తప్పు కాదు, తాళం వేయడమూ తప్పు కాదు. రిటైరయ్యే దాకా నా కింద పనిచేసిన వాళ్ళకు ఒకటే చెప్పాను: కట్టడంలో మనుషులున్నారని తెలిస్తే షీటులో రాసి ఊరుకోకండి, అందులో ఉన్న ప్రమాదం సంగతి వాళ్ళకు చేరిందని జవాబు తెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.